ఉప్పునీటి అక్వేరియానికి గృహప్రవేశం

కొత్తింటికి ముహూర్తం పెట్టేటప్పుడు పంతులుగారు ఇంట్లో అందరి నక్షత్రాలూ అడుగుతారు. హాల్లో ఉన్న ఉప్పునీటి అక్వేరియం సంగతి మాత్రం ఎవరూ అడగరు. మంచాలు విప్పి, పుస్తకాలు అట్టపెట్టెల్లో కుక్కి, ఫ్రిజ్ ఖాళీ చేసే హడావుడిలో అది చివరి రోజుదాకా గుర్తుకే రాదు. వచ్చినా, "దానికేముంది, నీళ్లు తోడేసి బండెక్కిద్దాం, చేపల్ని బకెట్లో వేద్దాం" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. మా ఇంట్లో మొదటిసారి ఆ మాట అన్నది నేనే.

అప్పట్లో మాది మూడడుగుల ట్యాంకు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్‌కి మారాం. నీళ్లు చాలావరకు తోడేసి, అడుగున ఇసుక అలాగే ఉంచి, నలుగురం కలిసి మోశాం. సాయంత్రానికల్లా మళ్లీ నింపి, లైటు వేసి, చేపల్ని వదిలి హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు పొద్దున చూస్తే నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలికోసం కొట్టుకుంటున్నాయి. నాలుగు రోజుల్లో ఏడింట్లో ఐదు పోయాయి. దారిలో ఒక్కటి కూడా పోలేదు, గమనించండి. అన్నీ కొత్తింట్లోనే పోయాయి.

మూడేళ్ల తర్వాత ఐదడుగుల ట్యాంకు మార్చాల్సి వచ్చింది. ఆసారి ఒక్క చేపా పోలేదు. ఈలోగా నాకు అర్థమైంది ఒకటే: ట్యాంకులో ఒక్కోదానికి ఒక్కో ఓపిక ఉంటుంది. అద్దం ఎన్నాళ్లయినా ఆగుతుంది. గాలి పంపు ఆడుతుంటే నీళ్లు రోజుల తరబడి ఆగుతాయి. రాళ్లు తడిగా ఉన్నంతసేపు ఆగుతాయి. చేపలు ఆక్సిజన్ ఉన్నంతసేపు ఆగుతాయి. మూత బిగించిన ఫిల్టరు గంటో రెండో ఆగుతుంది. ఇసుక అసలు ఆగదు, కదిలిస్తే ఎదురు తిరుగుతుంది. ఏది ఎంతసేపు ఆగుతుందో తెలిస్తే ఏది ముందు తీయాలో, ఏది చివర పెట్టాలో దానంతటదే తేలిపోతుంది.

ముందు బరువు లెక్క

ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు 20 ఘనపుటడుగులు. అంటే సుమారు 566 లీటర్లు. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే కాస్త బరువు, లీటరుకు 1.025 కిలోలు. నిండా పోస్తే నీళ్లే 580 కిలోలు. 12 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు దాదాపు 30 కిలోలు తూగుతుంది. ఐదు పలకలు కలిపి ఖాళీ ట్యాంకే నూరు కిలోలు దాటుతుంది. రాళ్లు, ఇసుక, స్టాండు కలిపితే మొత్తం ఎనిమిది క్వింటాళ్లు. హాల్లో ఒక గోడవారన 75 కిలోల వడ్ల బస్తాలు పదకొండు పేర్చినట్టు.

కొత్తిల్లు ఆ బరువు మోస్తుందా అనేది అద్దం దింపాక అడగాల్సిన ప్రశ్న కాదు. మన దేశంలో ఇళ్ల శ్లాబులను భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం గదుల్లో చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువు వస్తుందన్న లెక్కతో డిజైన్ చేస్తారు. ఈ ట్యాంకు అడుగు చదరపు మీటరు కూడా లేదు, బరువేమో దానికి నాలుగింతలు. అలాగని శ్లాబు కూలిపోతుందని కాదు. ఆ 200 కిలోలు గది మొత్తానికి పరిచిన లెక్క, మన ట్యాంకు ఒక్కచోట పెట్టిన బరువు. ఆ ఒక్కచోటు గది నడిమధ్యా, బీమ్ మీదా అన్నదే తేడా. గోడవారన, కింద బీమ్ వెళ్తున్న చోట పెడితే శ్లాబు మీద ఒత్తిడి చాలా తగ్గుతుంది. నాలుగడుగులు దాటిన ట్యాంకు పై అంతస్తులో పెడుతుంటే బిల్డర్ దగ్గర శ్లాబు డ్రాయింగ్ తీసుకుని ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించడం మంచిది.

ఇక్కడ వాస్తు వచ్చి ఇంకో చిక్కు పెడుతుంది. ఈశాన్యంలో నీళ్లుండాలి, ఈశాన్యంలో బరువుండకూడదు. మరి ఎనిమిది క్వింటాళ్ల నీళ్ల ట్యాంకును ఏ ఖాతాలో రాయాలి? దీనిమీద మా మామగారికీ నాకూ రెండు రోజులు చర్చ నడిచింది. చివరికి ఈశాన్యం వైపు గోడకు, బీమ్ ఉన్న చోటే పెట్టాం. ఆయన నీళ్లు చూసుకున్నారు, నేను బీమ్ చూసుకున్నాను.

లిఫ్టు సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఆరుగురు పట్టే లిఫ్టులో 408 కిలోలు అని రాసి ఉంటుంది, చూసే ఉంటారు. నీళ్ల క్యాన్లు, రాళ్ల టబ్బులు అందులో విడతలుగా వెళ్తాయి. ఐదడుగుల అద్దం అడ్డంగా పట్టదు, నిలువుగా నిలబెట్టి ఎక్కించడమంటే కీళ్లు ఊడగొట్టుకోవడమే. అంటే మెట్లే గతి. మెట్ల మలుపు దగ్గర ట్యాంకు తిరుగుతుందా లేదా టేపు పట్టి కొలవండి. అట్టపెట్టెలు విప్పి అదే సైజులో ఒక డొల్ల పెట్టె అతికించి, ఇద్దరం మెట్లమీద తిప్పి చూశాం. పక్కింటివాళ్లు వింతగా చూశారు, చూడనివ్వండి. చాలా అపార్ట్‌మెంట్లలో షిఫ్టింగ్‌కి టైములుంటాయి. తెల్లవారుజామున మొదలుపెట్టే పని కాబట్టి అసోసియేషన్‌ వాళ్లకు ముందే చెప్పుకోవాలి.

ట్యాంకును మోసేటప్పుడు లోపల చుక్క నీరూ, గుప్పెడు ఇసుకా ఉండకూడదు. పలకల్ని పట్టి ఉంచేది సిలికాన్ జిగురే. లోపలి నుంచి నీళ్లు బయటికి తోసే ఒత్తిడిని అది ఏళ్లకేళ్లు తట్టుకుంటుంది గానీ, మెలితిప్పితే తట్టుకోదు. నలుగురు మోస్తుంటే ఒక మూల ఒకడు ముందు ఎత్తుతాడు, ఇంకొకడు ఆలస్యంగా ఎత్తుతాడు. ఖాళీ ట్యాంకు ఆ మెలికను భరిస్తుంది. అడుగున నలభై కిలోల తడి ఇసుక ఉంటే భరించదు. అద్దాల షాపులవాళ్లు వాడే రబ్బరు సక్షన్ కప్పులు ఒక రోజుకు అద్దెకు దొరికితే ప్రాణం సుఖపడుతుంది. బండిలో కింద పరుపు, పైన థర్మకోల్ షీటు, దానిమీద ట్యాంకు మామూలుగా ఇంట్లో ఎలా కూర్చుంటుందో అలాగే.

మోసుకెళ్లేది నీళ్లను కాదు, తోడును

చేప తిన్నదీ విసర్జించిందీ చివరికి అమ్మోనియా అవుతుంది. చేప మొప్పల్లోంచి కూడా అమ్మోనియా బయటికొస్తూనే ఉంటుంది. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది పెద్దగా హాని చేయదు. ఈ చక్రం నడుస్తున్నంతకాలమే ట్యాంకు ట్యాంకు. ఆగితే అది చేపలున్న డబ్బా.

ఈ సూక్ష్మజీవులు నీళ్లలో తేలుతూ తిరుగుతాయని చాలామంది అనుకుంటారు. అందుకే పాత నీళ్లను తీర్థంలా చుక్క పోకుండా మోస్తారు. నేనూ మోశాను. అవి ఉండేది రాళ్ల రంధ్రాల్లో, ఫిల్టరు స్పాంజీలో, ఇసుక రేణువుల మీద, అద్దానికి అంటుకున్న జిగటలో. నీళ్లలో ఉండేవి బహు తక్కువ. పెరుగుతో పోల్చుకుంటే రాళ్లు తోడు లాంటివి. కుండ మారినా, పాలు మారినా తోడు బతికుంటే పెరుగు తోడుకుంటుంది. కాకపోతే ఇవి పెరుగులో బాక్టీరియా అంత చురుకైనవి కావు. రెట్టింపు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజంతా తీసుకుంటాయి. సగం చచ్చిపోతే కోలుకోవడం వారాల మాట.

మరి పాత నీళ్లు ఎందుకు? చేపలు ఆ ఉప్పుకూ, ఆ పీహెచ్‌కూ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) అలవాటుపడ్డాయి కాబట్టి. ఇంకో కారణం డబ్బు. లీటరుకు 35 గ్రాముల చొప్పున సగం ట్యాంకుకు కొత్త నీళ్లు కలపాలన్నా దాదాపు పది కిలోల మెరైన్ సాల్ట్ పడుతుంది. నేను సగం పాతవి, సగం కొత్తవి పెట్టుకున్నాను. మంచినీళ్లు వచ్చే 20 లీటర్ల క్యాన్లు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. ఉప్పునీళ్లతో ఒక్కో క్యాను ఇరవై ఒక్క కిలోలు తూగుతుంది, ఒక మనిషి ఎత్తగలడు. కొత్త నీళ్లను మాత్రం రెండు రోజుల ముందే కొత్తింట్లో డ్రమ్ములో కలిపి, చిన్న పంపు వేసి తిప్పుతూ ఉంచాలి. ఉప్పు పూర్తిగా కరిగి, పీహెచ్ కుదురుకోవడానికి ఒక రోజైనా కావాలి. హైదరాబాద్‌లో ఒక కాలనీకి నది నీళ్లు, పక్క కాలనీకి బోరు, ఎండాకాలం వస్తే ఇద్దరికీ ట్యాంకరు. పాతింటి కుళాయి లెక్క కొత్తింటి కుళాయికి పనికిరాదు. ఆర్ఓ నీళ్లే వాడండి, నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరుతో చూసుకుని మరీ.

చినగంజాం, నౌపడ ఉప్పు కొఠార్ల నుంచి వచ్చే రాళ్లుప్పు కూడా సముద్రానిదే కదా, అది వేస్తే పోలేదా అని మా బావమరిది అడిగాడు. మంచి ప్రశ్నే. ఉప్పు మడిలో సముద్రపు నీళ్లు చిక్కబడేకొద్దీ కాల్షియం జిప్సంగా ముందే దిగిపోతుంది, తర్వాత మనం తినే సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది, మెగ్నీషియం చేదునీళ్లలో మిగిలిపోతుంది. చేతికొచ్చేది సముద్రంలో ఒక భాగమే. పప్పులోకి సరిపోతుంది, పగడానికి సరిపోదు.

రాళ్లను నీళ్లలో ముంచి టబ్బుల్లో తీసుకెళ్లడం ఉత్తమం. బరువు మరీ ఎక్కువైతే ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలో చుట్టి మూతపెట్టాలి. గాలి తగిలితే రాతి మీద ఉండే స్పాంజి జీవులు, చిన్నచిన్న పురుగులు చచ్చి, అవే కొత్తింట్లో అమ్మోనియా అవుతాయి. ఫిల్టరు విషయంలో అందరూ చేసే పొరపాటు, క్యానిస్టర్‌ను (ట్యాంకు బయట ఉండే మూత బిగించిన ఫిల్టరు డబ్బా) అలాగే వాల్వులు కట్టేసి మోయడం. లోపలున్న ఆక్సిజన్‌ను ఆ బాక్టీరియా కాసేపట్లోనే వాడేస్తుంది, ఆ తర్వాత లోపల కుళ్లు మొదలవుతుంది. కొత్తింట్లో స్విచ్ వేయగానే ఆ కుళ్లంతా ట్యాంకులోకి. మూత తీసి, స్పాంజీలు, సిరామిక్ రింగులు ట్యాంకు నీళ్లున్న బకెట్లో వేసుకుని, గాలి పంపు గొట్టం అందులో పెట్టండి. సంపు ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. (సంపు అంటే అపార్ట్‌మెంటు కింద ఉండే మంజీరా నీళ్ల సంపు కాదు, ట్యాంకు కింద స్టాండులో దాచే రెండో తొట్టి. ఈ తేడా చెప్పక ప్లంబరుకూ నాకూ మధ్య పావుగంట సంభాషణ జరిగింది.)

రాళ్లు శుభ్రం చేద్దామని బ్రష్ పట్టుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. జోయాంథిడ్లు అనే బొత్తాల్లాంటి మెత్తని పాలిప్‌లు చాలా ట్యాంకుల్లో ఉంటాయి. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, తెలిసిన సహజ విషాల్లో అతి తీవ్రమైనవాటిలో ఒకటి. రాయిని వేడినీళ్లలో మరిగించినా, గట్టిగా తోమినా ఆవిరితో, తుంపరతో ఊపిరిలోకి వెళ్తుంది. అమెరికాలోని అలాస్కాలో 2012, 2014లలో అక్వేరియం పగడాల దగ్గర పనిచేసినవాళ్లు ఇలా జబ్బుపడిన సంగతి అక్కడి ఆరోగ్యశాఖ నమోదు చేసింది. 2018లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక కుటుంబమే ఆసుపత్రి పాలైంది. ఇల్లు మారే రోజు రాళ్లను కడగాల్సిన పని అసలు లేదు. గ్లౌజులు వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

పగడాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన సముద్రంలోంచి తీసినవి ఎవరైనా అమ్మితే కొనకూడదు, ఇల్లు మారేటప్పుడు "మా దగ్గర పెట్టుకోండి" అని ఇచ్చినా తీసుకోకూడదు.

మా మొదటి ట్యాంకును చంపింది ఇసుక

మూడంగుళాల ఇసుక పైన చూడటానికి తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. అద్దం పక్కనుంచి వంగి చూడండి. పైన అంగుళం లేత రంగు, దాని కింద బూడిద రంగు, అడుగున అక్కడక్కడ నల్లటి మచ్చలు. పై పొరలో ఆక్సిజన్ ఉంటుంది. కిందికి వెళ్లేకొద్దీ ఉండదు. అక్కడ బతికేవి ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియా. కొన్ని సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. అది ఇనుముతో కలిసి ఆ నల్ల మచ్చలవుతుంది. ఏళ్ల తరబడి చేపల పెంట, తినని మేత, చచ్చిన జీవాలు ఆ పొరల్లో ఇంకి ఉంటాయి. కదపనంతకాలం అంతా బాగానే ఉంటుంది. పాత బావి అడుగున పూడిక లాంటిది.

ట్యాంకును ఇసుకతో సహా ఎత్తి బండెక్కించి, స్పీడు బ్రేకర్లమీద ఎగరేసి, మళ్లీ నీళ్లు పోశామంటే ఆ పూడికంతా కలియబెట్టినట్టే. హైడ్రోజన్ సల్ఫైడ్ స్వయంగా విషం. పైగా అది, ఆ కుళ్లు పదార్థం నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. కుళ్లు మీద బాక్టీరియా ఒక్కసారిగా విరుచుకుపడి పెరుగుతుంది. మర్నాడు పొద్దున మా నీళ్లు పాలలా కనిపించింది అందుకే. దాని వెనకాలే అమ్మోనియా.

రెండోసారి ఇసుక తీసేటప్పుడు చెంచాతో నల్ల మచ్చ ఉన్న చోట తవ్వి చూశాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన హాలంతా కొట్టింది. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచి, "దీన్ని ఇన్నాళ్లు హాల్లో పెట్టుకున్నామా?" అంది. పెట్టుకున్నాం. అది అడుగున ఉన్నంతకాలం దాని పని అది చేసుకుంది.

కాబట్టి ఇసుక విషయంలో నాది గట్టి అభిప్రాయం: పాతది ట్యాంకులోకి మళ్లీ వేయొద్దు. కొత్తది కొని, బాగా కడిగి, ఒకటిన్నర అంగుళం పరచండి. డబ్బు దండగ అనిపిస్తే పాతదాన్ని నీళ్లు తేటపడేదాకా ఐదారుసార్లు కడిగి తర్వాతెప్పుడో వాడుకోవచ్చు, ఆ రోజే కాదు. ఇసుకలో బాక్టీరియా పోతుంది కదా అంటే, పోతుంది. రాళ్లు సరిపడా ఉంటే అవి ఆ లోటు మోస్తాయి. ఇసుక మీదే ఆధారపడి, రాళ్లు తక్కువ పెట్టుకున్నవాళ్లు మాత్రం నెల ముందు నుంచే కొత్త స్పాంజీలు ఫిల్టరులో పెట్టుకుని తోడు పెంచుకోవాలి.

సంచిలో ఏం జరుగుతుంది

చేపల్ని దూరం తీసుకెళ్లడం గురించి నాకు బాగా చెప్పింది అక్వేరియం షాపువాళ్లు కాదు, భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మా పెదనాన్నగారి అబ్బాయి. బాపట్ల, కాకినాడ తీరాల్లోని హేచరీల నుంచి సీడ్ (రొయ్య పిల్లలు) తెచ్చుకోవడం వాళ్లకు ఏడాదికి రెండు మూడుసార్లు ఉండే పనే. "అన్నయ్యా, సీడ్ ఎప్పుడైనా రాత్రే కదిలిస్తాం. సంచిలో నీళ్లు తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ. చల్లగా ఉంటే పిల్ల తక్కువ ఊపిరి తీస్తుంది" అన్నాడు. ఉప్పునీటి చేపకూ సరిగ్గా అదే. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైన ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్లు పట్టుకునేది ఏడులోపే. వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది, చేప అవసరం మాత్రం పెరుగుతుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం మూసిన బండిలో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఉప్పునీటి జీవుల్ని ఇంట్లో పెంచడమనే ముచ్చట తొలిరోజుల్లోనూ ఒక ప్రయాణం ఉంది. 1846లో ఇంగ్లండ్‌లో అన్నా థిన్ అనే ఆవిడ టార్కీ తీరంలో దొరికిన పగడాలను సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టి, సముద్రపు నీళ్ల జాడీలో పెట్టుకుని లండన్ తీసుకొచ్చింది. అక్కడ ఆ నీళ్లను పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, అరగంట నుంచి ముప్పావుగంట దాకా ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోసేదట. మన హోటళ్లలో కాఫీ తిరగబోసినట్టు. కాఫీ చల్లారడానికి పోస్తారు, ఆవిడ గాలి కలవడానికి పోయించింది. బ్యాటరీ గాలి పంపు చేసేది అదే పని. అది చెడిపోతే చెంబుతో తోడిపోయడం ఇప్పటికీ పనికొచ్చే వైద్యమే.

ఇక అసలు మెలిక. కట్టిన సంచిలో చేప ఊపిరి వదిలేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, నీళ్ల పీహెచ్ 8.2 నుంచి 7 వైపు దిగుతుంది. మరోపక్క అమ్మోనియా పెరుగుతుంది. అదృష్టవశాత్తూ తక్కువ పీహెచ్‌లో అమ్మోనియాలో చాలాభాగం అంత హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషభాగం సుమారు పదింతలవుతుంది. పన్నెండు గంటలు ప్రయాణం చేసిన సంచి మూతి విప్పారనుకోండి. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది, అప్పటిదాకా నిద్రపోతున్న అమ్మోనియా విషంగా మారుతుంది. దారంతా బతికిన చేప ఇంటికొచ్చాక, మనం జాగ్రత్తగా చుక్కచుక్క నీళ్లు కలుపుతుండగా చచ్చిపోవడం వెనకున్న కథ ఇదే.

అందుకని హైదరాబాద్ నుంచి విశాఖకో బెంగళూరుకో రాత్రంతా ప్రయాణం చేయాల్సి వస్తే: ఆక్సిజన్ నింపిన సంచులు, థర్మకోల్ పెట్టెలు. దిగాక సంచిని మూతి కట్టి ఉండగానే ట్యాంకులో పావుగంట తేల్చి వేడి సమం చేయండి. ట్యాంకులో ఉప్పును ముందే సంచి నీళ్ల ఉప్పుకు సరిపెట్టి ఉంచుకుంటే, మూతి విప్పగానే చేపను తీసి వదిలేయొచ్చు, సంచి నీళ్లు పారబోయొచ్చు. ఊళ్లోనే గంటా రెండు గంటల దూరమైతే సంచులే వద్దు. మూతకు రంధ్రాలు పెట్టిన 20 లీటర్ల బకెట్లు, ఒక్కోదాంట్లో బ్యాటరీ గాలి పంపు. గాలి ఆడుతుంటుంది కాబట్టి పీహెచ్ పడిపోదు, ఆ మెలికే రాదు. టాంగ్ చేపలకు తోక దగ్గర కత్తిలాంటి ముల్లుంటుంది. అది సంచిని చీలుస్తుంది, వలకు చిక్కుకుంటుంది. దాన్ని వలతో కాకుండా ప్లాస్టిక్ డబ్బాతో ముంచి పట్టండి. ముందురోజు అన్నిటికీ ఉపవాసం. ఒక రోజు తినకపోతే చేపకేం కాదు, బకెట్లో నీళ్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి.

ఆ రోజు

మాకు గృహప్రవేశం ముహూర్తం తెల్లవారుజామున 4.20కి వచ్చింది. చేపల ముహూర్తం దానికి మూడు రోజుల తర్వాత పెట్టుకున్నాను. ఒకేరోజు రెండూ పెట్టుకోకండి. వ్రతం పీటల మీద కూర్చుని గాలి పంపు ఆడుతోందా లేదా అని ఆలోచించేవాడి పుణ్యం ఏపాటిదో దేవుడికే తెలియాలి. ఆ మూడు రోజుల్లో కొత్తింట్లో స్టాండు పెట్టి, రసమట్టంతో నాలుగు వైపులా చూసి, కొత్త నీళ్లు డ్రమ్ముల్లో తిప్పి, ట్యాంకు వచ్చే చోట ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) బిగించిన ప్లగ్ పాయింట్ పెట్టించాను. అద్దెకైనా సొంతానికైనా కొత్త ఫ్లాటయితే కరెంటు మీటరు బిగించారో లేదో కూడా చూసుకోండి. బిల్డర్ ఇచ్చిన తాత్కాలిక కనెక్షన్ మీద నీళ్లు చల్లబరిచే చిల్లరు నడపడం నాకు నచ్చని జూదం.

పొద్దున ఐదింటికి హీటరు ఆపేశాం. వేడిగా ఉన్న హీటరు గాజు గాలి తగిలితే పగులుతుంది, ఆపాక అరగంట ఆగాలి. పైనుంచి తేట నీళ్లు పైపుతో క్యాన్లలోకి. ముందు పై నీళ్లు తీయడమెందుకంటే ఇసుక ఇంకా కదల్లేదు, శుభ్రమైనవి అవే. తర్వాత మెత్తని పగడాలు, తర్వాత రాళ్లు టబ్బుల్లోకి. రాళ్లున్నంతసేపు చేపల్ని పట్టాలని చూస్తే గంటసేపు దాగుడుమూతలే, వాటికీ మనకీ బీపీ. రాళ్లు తీసి, నీళ్లు అరడుగుకు వచ్చాక అన్నీ ఐదు నిమిషాల్లో దొరికాయి. ప్రతి రాయినీ టబ్బులో వేసేముందు తలకిందులుగా పట్టి చూశాం. ఒక దాంట్లోంచి చిన్న డామ్సెల్ చేప జారిపడింది. చూడకపోతే అది కొత్తింటికి రాయి కింద నలిగి వచ్చేది.

చేపలు పైకొచ్చాకే ఇసుక తీశాం. అడుగున మిగిలిన మురికి నీళ్లు పారబోశాం, వాటిమీద మమకారం అనవసరం. ట్యాంకు మొదట దిగి వెళ్లింది, చేపల బకెట్లు చివర దిగాయి. బకెట్లు టాటా ఏస్ వెనక కాదు, ఏసీ కార్లో వెనక సీటు కింద. మా అబ్బాయి దారంతా బకెట్ మూతల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

కొత్తింట్లో వరస తిరగబడుతుంది. ట్యాంకు, కొత్త ఇసుక, పాత కొత్త నీళ్లు సగం, రాళ్లు, మిగతా నీళ్లు, ఫిల్టరు, హీటరు. నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి దానిమీద పోస్తే బురద లేవదు. తర్వాత గంటసేపు ఏమీ చేయకుండా కూర్చోవడం కష్టమే గానీ అదే అసలు పని. వేడి 25 దగ్గరికి వచ్చిందా, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.025 చూపిస్తోందా, కీళ్లలో ఎక్కడైనా చెమ్మ ఉందా అని టిష్యూ పేపరుతో అంచులన్నీ తుడిచి చూశాను. ఈసారి చేపలు బకెట్లలోనే ఉన్నాయి, పంపులు ఆడుతున్నాయి, తొందరేం లేదు. ట్యాంకులోకి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఉదయం ఏడింటి నుంచి ఏడున్నర గంటలు బకెట్లో ఉన్నాయన్నమాట. కార్లో ఉన్నది ముప్పావుగంటే.

తర్వాత వారం

ఆ రాత్రి లైటు వేయలేదు. మర్నాడు మేత వేయలేదు. మూడో రోజు చిటికెడు. వచ్చినవాళ్లకు చూపించాలని లైటు వేయమంటారు, ఇంటికొచ్చిన చుట్టాలతో ఈ విషయంలో మొహమాటపడకండి. అమ్మోనియా కిట్టుతో రోజూ పరీక్ష. రెండో రోజు గొట్టంలో పసుపు రంగులోకి కాస్త ఆకుపచ్చ దిగింది, అంటే అమ్మోనియా ఉన్నట్టు. టెన్షన్ పడలేదంటే అబద్ధం. అమ్మోనియాను కట్టిపడేసే కండిషనర్ వేసి, సిద్ధంగా ఉంచుకున్న ఉప్పునీళ్లతో నాలుగో వంతు మార్చాం. చెరువుల్లో అమ్మోనియా పీల్చడానికి వేసే జియోలైట్ తెస్తానన్నాడు మా తమ్ముడు. ఉప్పునీళ్లలో సోడియం దాన్ని నింపేస్తుంది, అమ్మోనియాకు చోటు దొరకదు, వద్దన్నాను. నాలుగో రోజుకి మళ్లీ పసుపు.

తొమ్మిదో రోజుకి క్లౌన్ ఫిష్ జంట పాత రాయి కిందే తమ మూల వెతుక్కున్నాయి. డామ్సెల్ ఎప్పటిలాగే అందరితో గొడవ పెట్టుకుంటోంది. ఇక మిగిలింది బాల్కనీలో రెండు బకెట్ల పాత ఇసుక. పారేయడానికి మనసొప్పక మోసుకొచ్చాను, నాలుగుసార్లు కడిగినా వాసన ఇంకా పూర్తిగా పోలేదు. మామగారు వచ్చి చూసి, మల్లె తొట్టెల్లో వేద్దాం, ఇసుక కలిస్తే మొక్క బాగా వస్తుందన్నారు. అది ఉప్పు ఇసుక మామయ్యా, మల్లె చచ్చిపోతుంది అన్నాను. ఆయన చిటికెడు తీసి నాలుక మీద వేసుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.